పొద్దున సెల్ఫు తిరగదు, మధ్యాహ్నం నీళ్లు మరుగుతాయి
పాత లారీకి పట్టిన రెండు జబ్బులు - ఒకటే మూలం

పిడుగురాళ్ల: ఫిబ్రవరి వచ్చిందంటే పల్నాడు ఊళ్ల నుంచి మిరప బస్తాలు గుంటూరు యార్డుకు కదులుతాయి. లోడు బండి తెల్లవారకముందే బయలుదేరాలి. ఆలస్యమై ఆ రోజు బేరానికి అందకపోతే రైతు రాత్రికి బస్తాల మీదే పడుకోవాలి. లారీ ఓనరుకు కూడా ఒక రోజు కిరాయి పోయినట్టే. అలాంటి రోజుల్లో బండి మొరాయిస్తే ఆ బాధ పడ్డవాడికే తెలుస్తుంది.

గడచిన మిరప సీజనులో ఇక్కడికి దగ్గరలోని ఒక ఊళ్లో జరిగిన సంగతి ఇది. రెండెకరాలు అమ్మి 20 ఏళ్లు దాటిన ఆరు టైర్ల లారీ కొన్న ఒక రైతు తానే డ్రైవరుగా, బావమరిది క్లీనరుగా నడుపుకుంటున్నాడు. సంక్రాంతి వెళ్లాక బండి పొద్దున పూట స్టార్టు కావడం మానేసింది. సెల్ఫు రెండు మూలుగులు మూలిగి ఆగిపోయేది. నలుగురు కూలీలను పిలిచి తోయించేవాడు. బ్యాటరీలు పోయాయని ఎవరో చెబితే అప్పు చేసి కొత్తవి వేశాడు. పది రోజులు బాగానే ఉంది. మళ్లీ మొదటికే వచ్చింది.

ఇంతలో ఎండలు ముదిరాయి. లోడుతో వెళ్తే సత్తెనపల్లి దాటకముందే రేడియేటరులో నీళ్లు మరగడం మొదలైంది. రేడియేటరు విప్పించి కడిగించాడు. ఫలితం లేదు. ఒక షెడ్డులో చూపిస్తే హెడ్డు గాస్కెట్ పోయింది, ఇంజను విప్పాలి, బోరు పని కూడా పడవచ్చు అన్నారు. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టడానికి భార్యాభర్తలు సిద్ధపడ్డారు.

ఆ ముందు రోజు సాయంత్రం, పని మానేసి ఇంటి దగ్గరే ఉంటున్న ఒక ముసలి మేస్త్రి దగ్గరకు బండి తీసుకువెళ్లాడు. ఈ విలేఖరి కూడా అక్కడే ఉన్నాడు. మేస్త్రి పానా పట్టుకోలేదు. ముందు మూడు ప్రశ్నలు అడిగాడు.

"రాత్రిపూట హెడ్‌లైట్లు మందంగా వెలుగుతున్నాయా?"

"అవును బాబాయ్, ఈమధ్య పసుప్పచ్చగా ఉంటున్నాయి."

"లోడుతో రేజింగు ఇస్తే ముందు నుంచి కీచుమని చప్పుడు వస్తుందా?"

"వస్తుంది. బెల్టేమోనని వేలితో నొక్కి చూశాం. బిగుతుగానే ఉంది."

"బిగుతుగా ఉందని వదిలేశారా? పుల్లీ గాడిలోకి చూశారా?"

ఇంజను ఆపించి, చల్లారాక బెల్టు వదులు చేయించి టార్చిలైటు వేశాడు. పుల్లీ గాడి అడుగుభాగం అద్దంలా మెరుస్తోంది. మేస్త్రి నవ్వి, "నీ బంగారం ఇంట్లోనే ఉంచుకోరా అబ్బాయ్" అన్నాడు.

ఒకే బెల్టు, రెండు పనులు

చాలా పాత లారీల్లో ఇంజను ముందు భాగాన ఉన్న ఒకే బెల్టు మూడింటిని తిప్పుతుంది. ఒకటి ఫ్యాను. రెండు, ఇంజను చుట్టూ నీళ్లు తిప్పే వాటరు పంపు. మూడు, బ్యాటరీకి కరెంటు నింపే డైనమో. ఇప్పటి బళ్లలో దాని చోట ఆల్టర్నేటరు ఉంటుంది. ఈ బెల్టు జారితే పగలు నీళ్లు సరిగా తిరగవు, గాలి చాలదు. కాబట్టి ఇంజను కాగిపోతుంది. అదే సమయంలో బ్యాటరీ నిండదు. కాబట్టి మర్నాడు పొద్దున సెల్ఫు తిరగదు. పొద్దుటి జబ్బుకు ఒక మందు, మధ్యాహ్నం జబ్బుకు ఇంకో మందు వేసుకుంటూ పోతే డబ్బు ఖర్చయిపోతుంది, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ బెల్టు అడ్డంగా కోస్తే కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. దాని పట్టంతా రెండు పక్కల గోడల్లోనే ఉంది. అరిగి సన్నబడిన బెల్టు, లేదా గోడలు అరిగిపోయిన పుల్లీ అయితే బెల్టు గాడి అడుగుకు దిగి కూర్చుంటుంది. అప్పుడు వేలికి బిగుతుగానే తగులుతుంది కాని లోడు పడగానే జారిపోతుంది. గాడి అడుగు మెరుస్తున్నదంటే బెల్టు అడుగును రాసుకుంటున్నదనే గుర్తు. ఆ బండిలో జరిగింది ఇదే. కొత్త బెల్టు, అరిగిన ఒక పుల్లీ మార్చారు. ఖర్చు ఇంజను పనితో పోలిస్తే లెక్కలోకి రాదు. ఆ తర్వాత బ్యాటరీలు బయట ఛార్జి పెట్టించి, లోడుతో రెండు ట్రిప్పులు తిప్పి చూశారు. నీళ్లు మరగలేదు. పొద్దున సెల్ఫు తిరిగింది.

బెల్టు చూడడం ఎలాగంటే, ఇంజను ఆపి, రెండు పుల్లీల మధ్య ఎక్కువ దూరం ఉన్న చోట బొటనవేలితో గట్టిగా నొక్కాలి. సుమారు అర అంగుళం లోపలికి వెళ్లాలి. ఎక్కువ వెళ్తే వదులు. అసలు వెళ్లకపోతే మరీ బిగుతు. దానివల్ల వాటరు పంపు, డైనమో బేరింగులు పోతాయి. పగుళ్లు, పక్కన నున్నగా మెరుపు, నూనె తడి ఉంటే బెల్టు మార్చవలసిందే.

సెల్ఫు తిరగకపోతే

అన్నిసార్లూ తప్పు బెల్టుదే అనుకోకూడదు. అయితే వెతకడానికి ఒక వరుస ఉంది. ఖర్చు లేనిది ముందు, ఖర్చున్నది తర్వాత.

పొద్దున సెల్ఫు మందంగా తిరిగితే ముందు హెడ్‌లైట్లు వేసి, ఒక మనిషిని ముందు నిలబెట్టి సెల్ఫు కొట్టాలి. లైట్లు బాగా తగ్గిపోతే బ్యాటరీ ఖాళీ అయినా అయి ఉండాలి, సెల్ఫు మోటారు లోపల పట్టేస్తున్నా ఉండాలి. లైట్లు పూర్తిగా ఆరిపోతే టెర్మినల్ వదులై ఉంటుంది. లైట్లు ఏమాత్రం తగ్గకుండా 'టక్' మని చప్పుడు మాత్రం వస్తే కరెంటు సెల్ఫు మోటారులోకి పోవడం లేదు, సొలనాయిడ్ చూడాలి.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే వేడినీళ్లతో కడిగి, గీకి, బిగించి, గ్రీజు రాయాలి. చాసిస్‌కు కలిపే ఎర్తు తీగను చాలామంది మరచిపోతారు. సెల్ఫు కొట్టిన వెంటనే టెర్మినల్ వేడిగా తగిలితే ఆ కలయికలోనే లోపమున్నట్టు.

పెద్ద లారీల్లో సాధారణంగా రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24 వోల్టులు చేస్తారు. రాత్రంతా ఊరికే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే మీటరులో 12.6 చూపాలి. 12.2 చూపిందంటే సగమే ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వరకు రావాలి. 24 వోల్టుల బండికి దీనికి రెట్టింపు. ఇంజను నడుస్తున్నా ఈ అంకె పెరగకపోతే డైనమో కరెంటు పంపడం లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా పది రోజుల ముచ్చటే. మన రైతు విషయంలో జరిగింది అదే. రెండు నిమిషాలు మీటరు పెట్టి చూసిఉంటే బ్యాటరీల అప్పు తప్పేది.

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. మన బోరునీళ్లు పోస్తే ప్లేట్లు పాడవుతాయి. బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించకూడదు. ఛార్జి ఎక్కేటప్పుడు అందులోంచి అంటుకునే గ్యాసు వస్తుంది.

సెల్ఫు తిరిగినా స్టార్టు కాకపోతే

డీజిలు ఇంజనులో మంట పెట్టే ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలి వేడెక్కుతుంది. అందులో నాజిల్ సన్నగా డీజిలు చల్లితే అదే అంటుకుంటుంది. కాబట్టి ఇంజను తగిన వేగంతో తిరగాలి, గాలి బయటకు పోకూడదు, డీజిలు అందాలి. ఈ మూడింటిలో ఏది లోపించిందో సైలెన్సరు పొగే చెబుతుంది.

సెల్ఫు జోరుగా తిరుగుతున్నా పొగ అసలు రాకపోతే డీజిలు అందడం లేదు. ట్యాంకులో డీజిలు ఉందా, ఆపే తీగ లాగినచోటే ఇరుక్కుందా అన్నవి ముందు చూడాలి. నవ్వులాటగా తోచినా, తీగ ఇరుక్కున్నదని తెలియక మెకానిక్కు కోసం కబురు పంపినవాళ్లు ఉన్నారు. తర్వాత పైపులో గాలి పట్టిందేమో చూడాలి. ఫిల్టరు మీది గాలి మర వదులు చేసి, చేతి పంపు కొడుతూ పోవాలి. బుడగలతో వచ్చే డీజిలు, బుడగలు లేకుండా ధారగా వచ్చేవరకు కొట్టి, మర బిగించాలి. తర్వాత మైకో పంపు మీది మర దగ్గర కూడా అలాగే చేయాలి.

రోజూ పొద్దున చేతి పంపు కొడితేగాని స్టార్టు కాని బండిలో ఎక్కడో సన్నగా గాలి చొరబడుతున్నది. రాత్రి డీజిలు ట్యాంకులోకి జారిపోతుంది. పైపుల కలయికల్లో వాషర్లు, పైపు పగుళ్లు చూడాలి. కొంత దూరం వెళ్లి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్టయ్యే బండికి ట్యాంకు మూత ఒకసారి తీసి చూడండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడైతే మూత రంధ్రం మూసుకుపోయింది. ఒక పిన్నుతో పోయే జబ్బు అది.

తెల్ల పొగ వస్తూ అంటుకోకపోతే డీజిలు పోతున్నది కాని మండడం లేదు. సెల్ఫు వేగం చాలకపోవడం, కంప్రెషన్ తగ్గడం, పంపు టైమింగు తప్పడం, లోపలికి నీళ్లు చేరడం కారణాలు. నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందేమో ముందు చూడాలి. పత్తి పింజ, మిరప దుమ్ము, సున్నపు బట్టీల ధూళి మధ్య తిరిగే మన బళ్లకు ఇది మామూలే.

ఎండలో ఎందుకు బయటపడుతుంది?

ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మన జిల్లాలోనే ఉంది. శీతకాలమంతా బాగా నడిచిన బండి ఏప్రిల్‌లో కాగడానికి చిన్న లెక్క ఉంది. ఇంజను నీళ్లు 90 డిగ్రీలుండి బయట గాలి 30 డిగ్రీలుంటే తేడా 60. అదే గాలి 45 డిగ్రీలైతే తేడా 45 మాత్రమే. అంటే అదే రేడియేటరు అదే గాలితో నాలుగో వంతు వేడిని తక్కువ వదులుతుంది. చలికాలంలో కప్పుకున్న లోపం ఎండాకాలంలో బయటపడుతుంది. లోపం మాత్రం ముందు నుంచీ ఉన్నదే.

వెతికే వరుస ఇదీ. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్ల మట్టం చూడాలి. రోజూ తగ్గుతుంటే కారుతున్న చోటు వెతకాలి. హోసు పైపుల దగ్గర, వాటరు పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర తెల్లని చారలు, తుప్పు మరకలు కనిపిస్తాయి. తర్వాత బెల్టు. తర్వాత రేడియేటరు రెక్కలు. వాటి మధ్య పింజ, ఊక, పురుగులు నిండితే గాలి దూరదు. సున్నపు దుమ్ము తడిస్తే రెక్కలకు అంటుకుపోతుంది. కాబట్టి ముందు గాలితో ఊదించి, తర్వాత ఇంజను వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు కొట్టాలి. జోరుగా కొడితే రెక్కలు వంగిపోతాయి.

ఆపైన రేడియేటరు లోపలి భాగం. మన నేల సున్నపురాయి నేల. బోరునీళ్లు కాచే కాగులో అడుగున తెల్లగా పెచ్చు కట్టడం ప్రతి ఇంట్లో చూస్తున్నదే. రేడియేటరు గొట్టాల్లోనూ అలాగే కడుతుంది. కింది హోసు పైపు రేజింగు ఇచ్చినప్పుడు లోపలికి నొక్కుకుపోతుంటే రేడియేటరు మూసుకుపోయిందని అనుమానించాలి. శుద్ధి చేసిన నీళ్లలో కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపి పోయడం మేలు. కూలెంటు తుప్పు పట్టనివ్వదు.

తర్వాతది థర్మోస్టాట్. కాగిన బండికి దాన్ని పీకి పారేయడం మన దగ్గర అలవాటు. ఇది తప్పు. చాలా ఇంజన్లలో అది లేకపోతే కొంత నీరు రేడియేటరుకు పోకుండా అడ్డదారిన తిరిగి ఇంజనులోకే వస్తుంది. లోడు లేనప్పుడు ఇంజను తగినంత వేడెక్కక అరుగుదల, డీజిలు ఖర్చు పెరుగుతాయి. దాన్ని పరీక్షించడం తేలిక. గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి కాచాలి. దాని మీద చెక్కిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయాలి.

గాస్కెట్ పోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు జబ్బులూ కలిసే చోటు ఇంకొకటుంది. అది హెడ్డు గాస్కెట్. అది పోతే మండిన గ్యాసు నీళ్లలోకి దూరి పగలు బండి కాగుతుంది. రాత్రి నీళ్లు సిలిండరులోకి దిగి పొద్దున స్టార్టు కాదు. అందుకే ఆ షెడ్డువాళ్ల అనుమానం పూర్తిగా తప్పని అనలేము. విప్పకముందు పరీక్షించకపోవడమే తప్పు.

పరీక్షకు ఖర్చు లేదు. రాత్రంతా చల్లారిన బండికి పొద్దునే రేడియేటరు మూత తీసి, నీళ్లు నిండుగా పోసి, స్టార్టు చేయాలి. మొదట్లో కాసిని బుడగలు వస్తే భయం లేదు. ఆగకుండా బుడగలు ఉబుకుతూ, రేజింగుతో పాటు పెరుగుతుంటే గాస్కెట్‌నో, హెడ్డు పగులునో అనుమానించాలి. ఇంజను ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగుకు మారినా అదే అనుమానం. మేస్త్రి ఆ రైతు బండికి బెల్టు మార్చాక మర్నాడు పొద్దున ఈ పరీక్ష కూడా చేశాడు. బుడగలు రాలేదు. ఆయిలు నల్లగానే ఉంది. ఆ తర్వాతే లోడు ఎత్తమన్నాడు.

ఒక హెచ్చరిక. పొద్దున సెల్ఫు కొట్టగానే ఇంజను గోడకు కొట్టుకున్నట్టు ఠక్కున ఆగిపోతే సిలిండరులో నీళ్లు నిలిచి ఉండవచ్చు. నీళ్లను పిస్టను నొక్కలేదు. అలాంటి బండిని తోయించినా, ఇంకో బండితో లాగించినా కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. మెకానిక్కు వచ్చి నాజిల్సు విప్పి చూసేవరకు కదిలించకూడదు.

దారిలో కాగితే

ముల్లు ఎర్రగీత వైపు వెళ్తుంటే పక్కకు తీసి ఆపాలి. నీళ్లు ఉండి, బెల్టు తిరుగుతుంటే లోడు లేకుండా కొన్ని నిమిషాలు మెల్లగా నడవనివ్వాలి. నీళ్లు పోయినా, బెల్టు తెగినా వెంటనే ఇంజను ఆపేయాలి. ముల్లు కిందికి దిగిందని సంతోషించకూడదు. నీళ్లన్నీ పోతే ముల్లుకు వేడి అందక తక్కువ చూపడం కూడా జరుగుతుంది.

ఇక మూత సంగతి. మూత బిగుతుగా ఉన్నప్పుడు లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ఇలా మొహం, చేతులు కాల్చుకున్న క్లీనర్లు ప్రతి లారీ స్టాండులోనూ కనిపిస్తారు. కనీసం అరగంట ఆగాలి. పై హోసు పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక, మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకు తిప్పి, మొదటి గాటు వరకే తిప్పి ఆవిరి పోనిచ్చి, తర్వాత తీయాలి. ఎర్రగా కాగిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది. చల్లారాక మెల్లగా పోయాలి.

ఇంకో మూడు మాటలు

స్టార్టు కాని బండికి ఎయిర్ ఫిల్టరు దగ్గర డీజిలు గుడ్డ కాల్చి పెట్టేవాళ్లున్నారు. బండితో పాటు సరుకు కూడా అంటుకునే ప్రమాదముంది. సెల్ఫు ఒకసారికి 10-15 సెకన్లకు మించి కొట్టకూడదు. మళ్లీ కొట్టేముందు ఒక నిమిషం ఆగాలి. లేకపోతే మోటారు కాలిపోతుంది. ఇంజను నడుస్తుండగా ఫ్యాను దగ్గరకు వంగేవారు భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాలి.

ఈ సలహాలు మైకో పంపు మోడలు పాత బళ్లకే. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 లారీల్లో డీజిలు పంపకమంతా కంప్యూటరు చేతిలో ఉంటుంది. వాటి పైపులు వదులు చేసి గాలి తీయబోతే ప్రమాదం.

ఆ రైతు మళ్లీ గుంటూరు దారి పట్టాడు. సీటు కింద ఇప్పుడు ఒక కొత్త బెల్టు, ఒక చిన్న మీటరు, నీళ్ల డబ్బా పెట్టుకున్నాడు. కట్టిన బస్తాలు దింపి వచ్చాక మేస్త్రికి ఏమివ్వాలని అడిగితే ఆయన డబ్బు పుచ్చుకోలేదు. "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దని నలుగురికీ చెప్పు, చాలు" అన్నాడు. ఆయన మాట మీదనే ఈ నాలుగు ముక్కలు రాయడమైనది.